కాలేయానికి కొవ్వు పట్టినప్పుడు

(నల్లగొండలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో ఒక వైద్యుడు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

సభకు వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నమస్కారం.

కొన్నేళ్లుగా నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు కనిపిస్తోంది. కడుపునొప్పికో, గ్యాస్‌కో, మూత్రంలో రాళ్లకో తీయించుకున్న అల్ట్రాసౌండ్ స్కాన్ రిపోర్టు అందులో ఉంటుంది. వెతికిన జబ్బు దొరికినా దొరకకపోయినా, కాగితం చివర 'ఫ్యాటీ లివర్, గ్రేడ్ వన్' అన్న మాట మాత్రం ఉంటుంది. అది చదివిన కొందరికి ఆ రోజు నుంచి నిద్ర పట్టదు. మరికొందరు 'ఇది అందరికీ ఉండేదేనట' అని కవరు మడిచి బీరువాలో పెట్టి మరిచిపోతారు. ఆ భయమూ సరైనది కాదు, ఆ మరపూ సరైనది కాదు. ఆ కాగితాన్ని ఎలా చదువుకోవాలో, చదువుకున్న తరువాత ఏం చేయాలో చెప్పడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

కాలేయం మన కడుపులో కుడివైపు, పక్కటెముకల చాటున ఉంటుంది. పెద్దవారిలో దాని బరువు ఇంచుమించు కిలోన్నర. మాంసం దుకాణంలో మేక కార్జం చూడనివారు ఈ సభలో తక్కువమందే ఉంటారు. ఆరోగ్యంగా ఉన్న కార్జం ముదురు ఎరుపు రంగులో, నునుపుగా, పలుచని అంచుతో ఉంటుంది. నేను వైద్య విద్యార్థిగా ఉన్నప్పుడు శవపరీక్ష గదిలో కొవ్వు పట్టిన మనిషి కాలేయాన్ని మొదటిసారి చూశాను. అది పసుపు పచ్చగా మారి, అంచులు మొద్దుబారి, వేలితో నొక్కితే మెత్తగా లోపలికి దిగింది. మా గురువుగారు కోసి చూపించిన తరువాత కత్తిని పైకి ఎత్తితే దాని మీద నూనె జిడ్డు మెరిసింది. ఆ మెరుపు ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. కాలేయంలో 5 శాతానికి మించి కొవ్వు చేరితే దాన్ని ఫ్యాటీ లివర్ అంటాము. అయితే మామూలు అల్ట్రాసౌండ్‌కు కొవ్వు స్పష్టంగా కనబడాలంటే అది 20, 30 శాతం దాకా పేరుకొని ఉండాలి. అందువల్ల రిపోర్టులో 'మైల్డ్' అని రాసి ఉన్నా, అప్పటికే చాలా కాలంగా కొవ్వు చేరుతూ వచ్చిందని అర్థం చేసుకోవాలి.

'డాక్టరు గారూ, నేను నెయ్యి ముట్టను, వేపుళ్లు తినను, నా కాలేయానికి కొవ్వు ఎక్కడిది?' అని ఆడవారు ఎక్కువగా అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఈ జబ్బు ఉన్నవారి కాలేయంలోని కొవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో శాస్త్రజ్ఞులు కొలిచి చూశారు. అందులో దాదాపు 60 శాతం మన ఒంట్లోనే, ముఖ్యంగా పొట్ట చుట్టూ, దాచి ఉన్న కొవ్వు కరిగి రక్తంలోకి దిగి కాలేయానికి చేరినది. ఇంచుమించు పావు వంతు కొవ్వును కాలేయమే అన్నంలోని పిండి పదార్థం నుంచి, టీలోని చక్కెర నుంచి స్వయంగా తయారు చేసుకుంటుంది. తిన్న నూనె, నెయ్యి నుంచి నేరుగా వచ్చే వాటా 15 శాతం మాత్రమే. ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా కణాలు దాని మాట వినని స్థితి ఏర్పడటమే దీనికి మూలం. ఆ స్థితిలో కొవ్వు నిలువల మీద అదుపు తప్పుతుంది, రక్తంలో చక్కెర పెరుగుతుంది, కాలేయం ఆ మిగులునంతా కొవ్వుగా మార్చి తనలోనే దాచుకుంటుంది. మధుమేహం ఉన్నవారిలో సగానికి పైగా ఫ్యాటీ లివర్ కూడా కనిపించడానికి కారణం ఇదే.

ఇక్కడ నా సొంత ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా మేనమామది దేవరకొండ దగ్గరి పల్లె. జీవితంలో కల్లు గానీ సారా గానీ ముట్టని మనిషి. పద్దెనిమిదేళ్లు షుగరుతో ఉన్నాడు. ఆయన పోవడానికి ఆరేళ్ల ముందు తీసిన స్కాన్‌లో ఫ్యాటీ లివర్ అని వచ్చింది. చూసినవారు 'ఏం ఫరవాలేదు' అని పంపించారు, ఇంకే పరీక్షా చేయలేదు. ఆ తరువాత ఒక రాత్రి రక్తం వాంతి అయింది. పట్నం తీసుకుపోయేసరికి కడుపు నిండా నీరు చేరి ఉంది, కాలేయం గట్టిపడి ముద్దలు ముద్దలుగా మారి ఉంది. నెలన్నరలో పోయాడు. పదకొండో రోజున వచ్చిన చుట్టాల్లో ఒకరు 'తాగకుండా లివర్ చెడుతుందా, ఎవరికీ తెలియకుండా తాగి ఉంటాడు' అన్నారు. మా అత్తమ్మ ఆయన పోయిన దుఃఖం కంటే ఆ మాటకే ఎక్కువ ఏడ్చింది.

తాగనివారి కాలేయం తాగినవారి కాలేయంలాగే చెడిపోవచ్చునని అమెరికాలోని మేయో క్లినిక్‌లో జుర్గెన్ లుడ్విగ్, ఆయన సహచరులు 1980లోనే రాసి, దానికి ఒక పేరు పెట్టారు. ఆ పేరులో 'ఆల్కహాల్ కాని' అన్న మాట ఉండేది, అంటే లేదని చెప్పడానికైనా మద్యం ప్రస్తావన తప్పేది కాదు. 2023లో ప్రపంచంలోని కాలేయ వైద్య సంఘాలు కలిసి ఆ పేరు మార్చి, 'జీవక్రియ లోపంతో వచ్చే కొవ్వు కాలేయ వ్యాధి' అన్న అర్థం వచ్చే కొత్త పేరును నిర్ణయించాయి. ఇంగ్లిషు అక్షరాలు కలిపి దాన్ని 'మాసిల్డ్' అని పలుకుతున్నారు. పేరు మారితే ఏమిటని మీరు అనుకోవచ్చు. ఆ పేరు ముందే వచ్చి ఉంటే మా అత్తమ్మ ఆ చుట్టానికి సమాధానం చెప్పగలిగేది.

ఇది ఎందరిలో ఉంది? మన దేశంలో జరిగిన అనేక అధ్యయనాలను ఢిల్లీ ఎయిమ్స్ పరిశోధకులు ఒక్కచోట చేర్చి 2022లో ప్రచురించిన విశ్లేషణలో పెద్దవారిలో దాదాపు 38 శాతం మందికి ఉన్నట్టు తేలింది. హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మందిలో కనిపించింది. ఆ కంప్యూటర్ల ముందు కూర్చున్నవారిలో మన నల్లగొండ, పాలమూరు పిల్లలు ఎందరున్నారో మీకు వేరే చెప్పనక్కరలేదు. వీరందరికీ కాలేయం చెడిపోతుందా అంటే, చెడిపోదు. కొవ్వు చేరినవారిలో ఎక్కువమందికి అది కొవ్వుగానే ఉండిపోతుంది. నలుగురైదుగురిలో ఒకరికి కాలేయంలో వాపు మొదలవుతుంది, వారిలో కొందరికి గాయం మానిన చోట మిగిలినట్టు మచ్చ పడుతుంది. ఆ మచ్చలు ఏళ్ల తరబడి పెరిగితే సిరోసిస్, ఆపైన కొందరిలో కాలేయ క్యాన్సర్. మచ్చ పడుతున్న కాలమంతా మనిషికి నొప్పి ఉండదు, ఆకలి తగ్గదు, పని ఆగదు. ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. ఫ్యాటీ లివర్ ఉన్నవారి మరణాలకు మొదటి కారణం గుండె జబ్బు. కాబట్టి ఆ కాగితాన్ని గుండె నుంచి వచ్చిన ముందస్తు నోటీసుగా కూడా చదువుకోవాలి.

మన ప్రాంతానికి ఇది ఎలా వచ్చిందో కొంచెం నిదానంగా చెప్పుకుందాం. మన తాతల కాలంలో ఇక్కడ మెట్ట సేద్యమే ఎక్కువ. జొన్న, సజ్జ, తైద, కొర్ర, ఉలవ, ఆముదం వారి పంటలు. జొన్న గటక, తైద అంబలి, పుంటికూర వారి తిండి, వరి బువ్వ పండుగనాటి ముచ్చట. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు భూములు వరి మాగాణిగా మారి, రైసు మిల్లులు వరసకట్టాయి. 1983లో రెండు రూపాయలకే కిలో బియ్యం పథకం వచ్చింది. 2025 ఉగాది రోజున హుజూర్‌నగర్‌లోనే రేషన్ కార్డు మీద మనిషికి 6 కిలోల సన్నబియ్యం పంపిణీ మొదలైంది. ఆకలితో పడుకున్న తరాలను చూసిన జిల్లాలు మనవి. ఇంటింటికీ బువ్వ చేరడాన్ని తప్పుపట్టేంత కృతఘ్నత నాకు లేదు. నేను చెప్పదలచినది ఆ కంచం కొలత గురించి. నాగలి పట్టినవాడికి, నాట్లు వేసిన ఆడమనిషికి, తట్ట మోసి దేశమంతా డ్యాములు కట్టిన పాలమూరు కూలీకి ఎంత బువ్వ కావాలో ఆ లెక్కన మన ఇళ్లలో కంచాలు నిండేవి. ఇప్పుడు కోత యంత్రం కోస్తోంది, పొలం గట్టు దాకా బండి పోతోంది, కొడుకు కౌంటరులో కూర్చున్నాడు, మనం పింఛను తీసుకుంటున్నాము. శ్రమ పోయింది, కంచంలో కుప్ప మాత్రం అలాగే ఉంది.

ఇక ఆ స్కాన్ కాగితం దగ్గరికి వద్దాం. గ్రేడ్ వన్, టూ, త్రీ అన్నవి కొవ్వు ఎంత కనబడుతోందో చెప్పేవే తప్ప మచ్చ ఉందో లేదో చెప్పవు. గ్రేడ్ వన్ ఉన్నవారిలో గట్టి మచ్చ ఉండవచ్చు, గ్రేడ్ త్రీ ఉన్నవారిలో అసలే ఉండకపోవచ్చు. సిరోసిస్ ముదిరితే కొవ్వు తగ్గిపోయి, గ్రేడు మెరుగైనట్టు కూడా కనిపించవచ్చు. మన భవిష్యత్తును నిర్ణయించేది మచ్చే కాబట్టి, మీరు మీ డాక్టరును అడగవలసిన ప్రశ్న 'నా గ్రేడ్ ఎంత' అని కాకుండా 'నాకు ఫైబ్రోసిస్, అంటే మచ్చ, ఉందా' అని ఉండాలి.

దీనికి ఖర్చులేని ఒక లెక్క ఉంది. దాన్ని ఫిబ్-ఫోర్ అంటారు. మీ వయసు, రక్త పరీక్షలో ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ అని రాసే రెండు అంకెలు, ప్లేట్‌లెట్ల సంఖ్య ఉంటే చాలు. ఈ పరీక్షలకు ప్రభుత్వ దవాఖానల్లోనే రక్తం ఇవ్వవచ్చు. వయసును ఎస్‌జీఓటీతో గుణించాలి. ఎస్‌జీపీటీకి వర్గమూలం కట్టి, దాన్ని వేలల్లో రాసుకున్న ప్లేట్‌లెట్ల సంఖ్యతో గుణించాలి. మొదటిదాన్ని రెండవదానితో భాగించాలి. ఇక్కడ లెక్కల మాస్టార్లు ఉన్నారు కాబట్టి ఒక ఉదాహరణ చేసి చూద్దాం. వయసు 52, ఎస్‌జీఓటీ 48, ఎస్‌జీపీటీ 64, ప్లేట్‌లెట్లు లక్షా ఎనభై వేలు. 52ను 48తో గుణిస్తే 2,496. 64 వర్గమూలం 8, దాన్ని 180తో గుణిస్తే 1,440. భాగిస్తే 1.73 వస్తుంది. 1.3 కంటే తక్కువ వస్తే గట్టి మచ్చ ఉండే అవకాశం చాలా తక్కువ, 2.67 దాటితే ఎక్కువ. 65 ఏళ్లు దాటినవారికి కింది హద్దును 1.3కు బదులు 2గా తీసుకోవాలి. మన ఉదాహరణలోని మనిషి నడుమ ఉన్నాడు కాబట్టి అతనికి ఫైబ్రోస్కాన్ అవసరం. అదే మనిషికి ప్లేట్‌లెట్లు రెండు లక్షల అరవై వేలు ఉంటే లెక్క 1.2కు దిగుతుంది, అప్పుడు ఏడాదికో రెండేళ్లకో మళ్లీ చూస్తే సరిపోతుంది. మిగతా అంకెలన్నీ ఒకటే అయినా ప్లేట్‌లెట్లు ఎంత మార్పు తెచ్చాయో గమనించండి. కాలేయం గట్టిపడే కొద్దీ అవి తగ్గుతాయి. ఫైబ్రోస్కాన్ అంటే భయపడకండి, పక్కటెముకల నడుమ ఒక చిన్న పరికరం ఆనించి చిన్న తట్టు లాంటి అల పంపి కాలేయం ఎంత గట్టిగా ఉందో కొలుస్తారు. సూది లేదు, కోత లేదు. హెపటైటిస్ బి, సి పరీక్షలు కూడా ఒకసారి చేయించుకోండి, ఎందుకంటే కొవ్వు ఉన్నచోట ఆ వైరస్ కూడా ఉంటే మచ్చ తొందరగా పడుతుంది. ఎస్‌జీపీటీ మామూలుగా ఉన్నంత మాత్రాన కాలేయం బాగుందని నిశ్చింతగా ఉండకూడదు. మా మేనమామ రిపోర్టులో అది మామూలుగానే ఉండేది.

చికిత్సలో మొదటిది బరువు. ఒంటి బరువులో 5 శాతం తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గుతుంది. 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు తగ్గుతుంది. 10 శాతం దాటితే చాలామందిలో మచ్చ కూడా వెనక్కి మళ్లుతుంది. ఎనభై కిలోల మనిషికి ఈ లెక్క నాలుగు కిలోల దగ్గర మొదలై ఎనిమిది కిలోల దగ్గర తీరుతుంది. ఇది అసాధ్యమైన సంగతి కాదు. వారానికి అర కిలో, మించితే కిలో చొప్పున తగ్గాలి. పస్తులుండి ఒక్కసారిగా తగ్గితే కాలేయంలో వాపు పెరగవచ్చు, పిత్తాశయంలో రాళ్లు పడవచ్చు. సన్నగా ఉన్నవారు 'నాకు సంబంధం లేదు' అనుకోవద్దు. చేతులు కాళ్లు సన్నగా ఉండి పొట్ట ఒక్కటే ముందుకు వచ్చే శరీరం మన దేశంలో చాలా సామాన్యం. నడుము మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు. ప్యాంటు సైజును నమ్మవద్దు, మనలో చాలామంది ప్యాంటును పొట్ట కింద కట్టుకుంటాము. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ నడుమ టేపు చుట్టి, ఊపిరి మామూలుగా వదిలి కొలవాలి.

కంచం విషయంలో నా సలహా ఇది. బువ్వను సగానికి తగ్గించి, ఆ ఖాళీని కూరతోనూ, పప్పుతోనూ, పెసర్లు, అలసందలు, ఉలవల గుగ్గిళ్లతోనూ, తినేవారైతే గుడ్డు, చేపతోనూ నింపండి. ముందు కూర, పప్పు తిని తరువాత బువ్వకు రండి. రాత్రి తొమ్మిదిన్నరకు టీవీ ముందు తినే అలవాటును ఏడింటికి జరపండి. బువ్వ మానేసి జొన్నరొట్టె తింటున్నామని కొందరు గర్వంగా చెబుతారు, మంచిదే. కానీ నాలుగు రొట్టెలు తింటే ఆ పిండి కూడా పిండే, జొన్న కాబట్టి కాలేయం లెక్క మాఫీ చేయదు. అన్నిటికంటే ముందు టీ సంగతి చూడండి. రోజుకు ఐదు టీలు, టీకి రెండు చెంచాల చక్కెర అనుకుంటే రోజుకు 50 గ్రాములు, నెలకు కిలోన్నర చక్కెర. ఒక్క మనిషి, ఒక్క టీ దగ్గరే. బెల్లం, తేనె వేసుకుంటే కాలేయానికి తేడా తెలియదు. దావత్‌లలో ఇచ్చే పావు లీటరు కూల్‌డ్రింక్‌లో దాదాపు 25 గ్రాముల చక్కెర ఉంటుంది. అందులో సగం ఫ్రక్టోజ్ అనే రకం చక్కెర, దాన్ని ఎక్కువగా కాలేయమే పట్టుకొని కొవ్వుగా మారుస్తుంది. పండును నమిలి తినండి, రసం తీయవద్దు. చక్కెర లేని కాఫీ రోజుకు రెండు మూడు కప్పులు తాగేవారిలో కాలేయం మచ్చలు తక్కువగా ఉన్నట్టు అనేక అధ్యయనాల్లో కనిపించింది, కాఫీ అలవాటు ఉన్నవారు మానవలసిన పని లేదు.

కల్లు గురించి మాట్లాడకుండా ఈ జిల్లాలో కాలేయం గురించి మాట్లాడలేము. తాటిచెట్టు ఎక్కి కల్లు దించే గీత కార్మికుల శ్రమ మీద నాకు గౌరవం ఉంది. అయినా 'కల్లు చలువ, తాటికల్లు మందు' అన్న మాటను వైద్యుడిగా ఒప్పుకోలేను. చెట్టు దిగిన గడియ నుంచి అది పులుస్తూనే ఉంటుంది, పులిసే కొద్దీ ఆల్కహాల్ పెరుగుతుంది. కాలేయంలో కొవ్వు ఉన్నవారికి ఏ రూపంలోని మద్యమైనా మచ్చను తొందర చేస్తుంది. మానడమే మంచిది. కానీ ఒక హెచ్చరిక. మన ప్రాంతంలో కొన్నిచోట్ల కల్లులో ఆల్ప్రాజోలం వంటి మత్తు మందులు కలుపుతున్నారు. ఏళ్లుగా అలాంటి కల్లుకు అలవాటు పడినవారు ఒక్కసారిగా మానితే చేతులు వణకడం, పిచ్చి చూపులు, ఫిట్స్ రావచ్చు. అటువంటివారిని ఇంట్లో కూర్చోబెట్టి మాన్పించకండి, దవాఖానకు తీసుకురండి.

వ్యాయామం వారానికి 150 నిమిషాలు, అంటే వారంలో ఐదు రోజులు రోజుకు అరగంట వేగంగా నడక. ఇది చెప్పడం తేలిక. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు నుంచి వచ్చే పెద్దవారికి నడవమని చెప్పడానికి నాకు నోరు రాదు. ఫ్లోరైడ్ నీటితో వెన్ను వంగి, మోకాళ్లు బిగుసుకుపోయిన మనుషులు వారు. వారికి నేను కుర్చీలో కూర్చోబెట్టే చేయిస్తాను. రెండు చేతుల్లో లీటరు నీళ్ల సీసాలు పట్టుకొని పైకి ఎత్తడం, కూర్చున్నచోటే ఒక్కొక్క కాలు చాచి పది లెక్కపెట్టడం, కుర్చీ చేతులు పట్టుకొని లేచి కూర్చోవడం. బరువు తగ్గకపోయినా కండరం పని చేస్తే కాలేయంలో కొవ్వు తగ్గుతుందని మనకు తెలుసు. వీరి విషయంలో నాకున్న పెద్ద బాధ పొట్లం మందులు. నొప్పికని పేరు తెలియని గోళీలు ఏళ్ల తరబడి మింగుతారు, వాటిలో స్టెరాయిడ్ ఉంటే షుగరు పెరుగుతుంది, పొట్ట పెరుగుతుంది, కాలేయానికి మరింత కొవ్వు చేరుతుంది. పేరు రాసి ఇవ్వని మందు ఎవరు ఇచ్చినా తీసుకోకండి.

మందుల గురించి క్లుప్తంగా చెబుతాను. లివర్ టానిక్కుల వల్ల మచ్చ తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు. 2024 మార్చిలో రెస్మెటిరామ్‌ను, 2025 ఆగస్టులో సెమాగ్లుటైడ్‌ను అమెరికాలో ఈ జబ్బుకు అనుమతించారు. అవి మచ్చ ఒక మోస్తరు నుంచి ఎక్కువగా ఉండి, ఇంకా సిరోసిస్ రానివారికి మాత్రమే, నిపుణుల పర్యవేక్షణలోనే. కొలెస్ట్రాల్‌కు ఇచ్చే స్టాటిన్ గోళీలను 'లివర్ చెడుతుంది' అని మానేస్తున్నారు, మానకండి. ఫ్యాటీ లివర్ ఉన్నవారికి అవి సురక్షితమే, గుండెకు అవసరమే. పసరు మందుల విషయంలో మాత్రం జాగ్రత్త. కరోనా కాలంలో తిప్పతీగ రసం రోజూ తాగి కాలేయం వాచి ఆసుపత్రిలో చేరినవారి వివరాలను ముంబయి వైద్యులు ప్రచురించారు. చెట్టు నుంచి వచ్చిన మందు కూడా మందే, దానికీ మోతాదు, దోషం ఉంటాయి.

2016లో మహబూబ్‌నగర్‌లో, 2019లో నల్లగొండ, సూర్యాపేటల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఈ జబ్బు కోసం ప్రతిసారీ హైదరాబాద్ బస్సు ఎక్కవలసిన అవసరం ఇప్పుడు తగ్గింది. 2021లో కేంద్ర ప్రభుత్వం ఫ్యాటీ లివర్‌ను షుగరు, బీపీలతో పాటు జాతీయ కార్యక్రమంలో చేర్చింది. ఆశా కార్యకర్త మీ ఇంటికి ఫారం పట్టుకొని వచ్చి నడుము కొలత అడిగితే, విసుక్కోకుండా కొలవనివ్వండి.

ఆ తలుపు పక్కన బల్ల మీద దర్జీ టేపులు నాలుగు, కొన్ని తెల్ల కాగితాలు పెట్టించాను. వెళ్లేముందు నడుము కొలుచుకొని, ఈ రోజు తేదీ వేసి రాసుకోండి. మొన్నటి రక్త పరీక్ష రిపోర్టు వెంట తెచ్చుకున్నవారు ఇక్కడే ఆగితే మన లెక్కల మాస్టార్ల సాయంతో ఫిబ్-ఫోర్ కట్టి చూద్దాం. తేనివారు వచ్చే నెల ఇదే రోజున తీసుకురండి, నేను ఇక్కడే ఉంటాను.